కవరులో ఏం వచ్చిందో ఆ తల్లికి చెప్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. టీచింగ్ ఆసుపత్రుల్లో పిల్లల మీద ప్రయోగాలు చేస్తారని, అక్కడ చేర్చేముందు తల్లిదండ్రులు పదిసార్లు ఆలోచించుకోవాలని ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. చదివినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. ఆయన్ని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. ఆయన భయంలో కొంత నిజముంది, దాని గురించి కూడా చెబుతాను. కానీ ఆ ప్రయోగాల ఫైళ్లు చేత్తో మోసిన దాన్ని నేను. నేను చూసింది చెప్పకుండా ఊరుకోలేను.

నేను ఒక వైద్య కళాశాల ఆసుపత్రిలో పిల్లల విభాగం నర్సుని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మొదటి పదేళ్లు నెలలు నిండని పిల్లల ఐసీయూలో చేశాను. అప్పటి నుంచి రీసెర్చ్ నర్సుగా ఉన్నాను. అధ్యయనంలో చేరిన ప్రతి బిడ్డ వివరాలు ఫారంలో ఎక్కించడం, శాంపిల్ ట్యూబు మీద టైము వేయడం, ఇంటికి వెళ్లాక తల్లికి ఫోన్ చేసి బిడ్డ ఎలా ఉందో కనుక్కోవడం నా పని.

పరిశోధకులంటే ఎక్కడో గదిలో తలుపులు వేసుకుని కూర్చునే వాళ్లని చాలామంది అనుకుంటారు. మా విభాగంలో అలాంటి వాళ్లు ఇద్దరే. మిగతా పరిశోధన అంతా మీ బిడ్డకు మందు రాసే డాక్టర్లే చేస్తారు. పొద్దున ఎనిమిదికి వార్డు రౌండ్, ఆ తర్వాత ఓపీ, మధ్యలో మెడికల్ స్టూడెంట్లకు క్లాసు, మధ్యాహ్నం కొత్త అడ్మిషన్లు. ఇవన్నీ అయ్యాక, రాత్రి ఎనిమిది దాటాక సెమినార్ గదిలో లైటు వెలుగుతుంది. కేస్ షీట్లు ముందేసుకుని ఒక డాక్టరు అంకెలు చదువుతుంటే ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కిస్తుంటారు. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసిన పీజీ డాక్టరు పెన్ను చేతిలో ఉండగానే టేబుల్ మీద తలవాల్చి నిద్రపోవడం ఎన్నిసార్లు చూశానో. లేపబుద్ధి కాదు. లేపకపోతే మళ్లీ తనే నొచ్చుకుంటుంది.

ల్యాబులో పనిచేసే ఆ ఇద్దరిలో ఒకామె గురించి మాత్రం చెప్పాలి. డాక్టరు కాదు, పీహెచ్‌డీ చేసిన మనిషి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, ట్యూబులు, అంకెలు, అదే ఆమె లోకం. పిల్లల్ని పేర్లతో ఎరగదు, నంబర్లతోనే తెలుసు. ఒకరోజు ఐస్ బాక్సు పట్టుకుని శాంపిల్ కోసం స్వయంగా ఐసీయూలోకి వచ్చింది. ముప్పై ఏడో నంబరు బిడ్డ ఎవరని అడిగింది. చూపించాను. వార్మర్ కింద, నా అరచేయంత వీపు, తొమ్మిది వందల గ్రాములు. చాలాసేపు అలా చూసి, "సిస్టర్, నేను ఒక మిల్లీలీటరు కావాలని రాశాను కదా, ఈ బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం ఎంతుంటుంది?" అని అడిగింది.

సుమారు 80 మిల్లీలీటర్లు అని చెప్పాను. కిలోకి 80 నుంచి 90 మిల్లీలీటర్లన్నది మాకు నోటికొచ్చిన లెక్క. అంటే ఆ బిడ్డ నుంచి ఒక్క మిల్లీలీటరు తీస్తే పెద్దవాళ్ల నుంచి 60 మిల్లీలీటర్లు తీసినట్టు. ఆ పూట ఆమె ఖాళీ ఐస్ బాక్సుతో వెనక్కి వెళ్లిపోయింది. మూడు వారాలు ఆ పరీక్షనే మార్చుకుంటూ కూర్చుంది. తిరిగి వచ్చినప్పుడు, మేం ఎలాగూ రోజువారీ పరీక్షకు తీసే రక్తంలో మిగిలిన నాలుగు చుక్కలు చాలంది. ఆ తర్వాత ఆ అధ్యయనం కోసమని ఏ బిడ్డకూ విడిగా సూది గుచ్చలేదు. పిల్లల డాక్టర్లూ ల్యాబు పరిశోధకులూ ఒకే కప్పు కింద ఎందుకుండాలని ఎవరైనా అడిగితే నాకు ఆ ఐస్ బాక్సే గుర్తొస్తుంది.

ఇక సంతకాల సంగతి. పాఠకుడి భయమంతా దాని గురించే.

పన్నెండేళ్ల కిందట మా దగ్గర ఒక అధ్యయనం జరిగింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు తల్లిపాలు మొదట చుక్కలు చుక్కలుగా గొట్టం ద్వారా ఇస్తాం. రోజురోజుకీ పెంచుతూ పోతాం. ఎంత వేగంగా పెంచాలన్నదే ప్రశ్న. తొందరపడితే పేగు దెబ్బతిని కుళ్లే జబ్బు వస్తుందని భయం. నెమ్మదిగా పెంచితే నరంలోకి ఎక్కించే గొట్టం ఎక్కువ రోజులుంచాలి, దాంతో ఇన్‌ఫెక్షన్ వస్తుందని భయం. ఒక యూనిట్ డాక్టర్లు నెమ్మదిగా పెంచేవారు, ఇంకో యూనిట్ వాళ్లు వేగంగా పెంచేవారు. ఎవరి నమ్మకం వాళ్లది. మీ బిడ్డ ఏ రోజు పుడితే ఆ రోజు డ్యూటీలో ఉన్న యూనిట్ పద్ధతి మీ బిడ్డకు. దాన్ని ఎవరూ ప్రయోగం అనలేదు, ఎవరూ సంతకం అడగలేదు, ఏమైందో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

దీన్ని తేల్చాలని మా మేడమ్ ఒకరు, అప్పట్లో అసోసియేట్ ప్రొఫెసర్, అధ్యయనం మొదలుపెట్టారు. ఏ బిడ్డకు ఏ పద్ధతో ముందే అతికించిన కవర్లలో ఉంటుంది. కవరు విప్పేదాకా డాక్టరుకి కూడా తెలియదు. ఒక రాత్రి ఒక బిడ్డ తండ్రి వరండాలో నిలబడి, నేను కాగితం ఇవ్వగానే చదవకుండా సంతకం పెట్టబోయాడు. మేడమ్ ఆయన చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుని జేబులో పెట్టుకున్నారు. "ఇప్పుడు వద్దండీ. మీ ఆవిడ లేచి కూర్చున్నాక ఇద్దరికీ కలిపి చెబుతాను" అన్నారు.

పొద్దున తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాం. మేడమ్ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెప్పారు. ఆ తల్లి విని, "ఇంత చదివారు కదా మేడమ్, ఏది మంచిదో మీకు తెలియదా?" అంది. నిష్ఠూరంగా ఏమీ కాదు, నిజంగానే అడిగింది. "తెలియదమ్మా. తెలిసుంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు, అదే చేసేసేదాన్ని. వద్దంటే వద్దనండి, మీ పాపని చూసుకోవడంలో ఏ తేడా రాదు" అన్నారు మేడమ్. ఒక పెద్ద డాక్టరు నోట 'తెలియదు' అన్న మాట రావడం ఆ దంపతులు అదే మొదటిసారి విన్నారేమో, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సాయంత్రం దాకా ఆలోచించుకుని ఒప్పుకున్నారు. చేరని వాళ్లు కూడా చాలామంది ఉన్నారు. వాళ్ల పిల్లల్నీ అవే చేతులతో చూసుకున్నాం.

తెలియదని ఒప్పుకోకపోతే ఏమవుతుందో మా నర్సుల చరిత్రలోనే ఉంది. నెలలు నిండని పిల్లల కంట్లో లెన్సు వెనక పొర కట్టి చూపు పోతోందని 1942లో అమెరికాలో మొదటిసారి రాశారు. ఆ తర్వాత పదేళ్లలో ప్రపంచం మొత్తం మీద సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయిందని అంచనా. ఎవరూ అశ్రద్ధ చేసి కాదు. ఎక్కువ వసతులున్న చోటే ఎక్కువ పోయింది, ఎందుకంటే అక్కడ ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. ఆక్సిజనే కారణమేమోనని అనుమానం వచ్చి వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే కంటి డాక్టరూ, ఆయనతోపాటు ఒక పిల్లల డాక్టరూ కలిసి కొందరికి తక్కువ, కొందరికి ఎక్కువ ఇచ్చి చూశారు. తక్కువ ఆక్సిజన్ వంతు వచ్చిన పిల్లలను చూసి అక్కడి నర్సులు కొందరు తట్టుకోలేక, రాత్రిపూట డాక్టర్లు లేనప్పుడు ఆక్సిజన్ పెంచేసేవారట.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. బిడ్డ నీలిరంగుకి తిరుగుతుంటే చూస్తూ ఎవరుంటారు? వాళ్ల ప్రేమలో లోపం లేదు. కానీ వాళ్లు ప్రేమతో తిప్పిన ఆ నాబ్ వల్ల ఎందరికి చూపు పోయిందో. 1953లో 18 ఆసుపత్రులు కలిసి పెద్ద అధ్యయనం చేశాకే ఆక్సిజన్ ఎక్కువైతే ప్రమాదమని అందరూ ఒప్పుకున్నారు. ఆపైన భయంతో మరీ తగ్గించేశారు, దాంతో ఊపిరందక పిల్లలు చనిపోయారు. ఎంత ఇస్తే సరిపోతుందన్నది తేలడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 2010లో 1,316 మంది పిల్లలతో అమెరికాలో చేసిన అధ్యయనంలో, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 85, 89 మధ్య ఉంచితే కంటి జబ్బు తగ్గింది కానీ చావులు పెరిగాయి. ఇవాళ మా ఐసీయూలో మానిటర్ అలారం కింద 90కీ పైన 95కీ మధ్య పెడతాం. డ్యూటీ ఎక్కగానే నేను మొదట చూసేది ఆ రెండు అంకెలే. కొత్తగా వచ్చిన సిస్టర్లు అవి మామూలు అంకెలనుకుంటారు. వాటి వెనక ఎంతమంది పిల్లలున్నారో కూర్చోబెట్టి చెబుతాను.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. షాక్‌లో ఉన్న, అంటే ఒంట్లో రక్తప్రసరణ పడిపోయిన పిల్లలకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది మేమంతా నేర్చుకున్న పాఠం. 2011లో ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో, జ్వరంతో వచ్చి షాక్ లక్షణాలున్న పిల్లల్లో అలా ఎక్కించిన వాళ్లలో నూటికి పది పదకొండు మంది, ఎక్కించని వాళ్లలో ఏడుగురు చనిపోయారని తేలింది. మా డాక్టర్లు ఆ పేపరు చదివిన రోజు సెమినార్ గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇక బ్లడ్ క్యాన్సర్ సంగతి తెలుగు పాఠకులకు నేను చెప్పేదేముంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందుని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 16 మంది పిల్లలకు ఇచ్చి, పది మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గిందని 1948లో రాశారు. ఆ పిల్లలు బతకలేదు. కానీ అప్పటి నుంచి ఒక్కో బ్యాచ్ పిల్లల నుంచి నేర్చుకుంటూ వచ్చారు కాబట్టే, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం బ్లడ్ క్యాన్సర్‌లో మంచి వసతులున్న చోట ఇప్పుడు పది మందిలో దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు.

పాఠకుడి భయంలో నిజముందన్నాను. 1950ల నుంచి న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్ అనే సంస్థలో బుద్ధి ఎదగని పిల్లలకు కావాలనే హెపటైటిస్ అంటించి చూశారు. తల్లిదండ్రుల సంతకాలు అక్కడా ఉన్నాయి. అంత దూరం ఎందుకు, నేను పైన చెప్పిన 2010 నాటి ఆక్సిజన్ అధ్యయనంలో సమ్మతి పత్రాలు ప్రమాదాల గురించి సరిగా చెప్పలేదని అమెరికా ప్రభుత్వ సంస్థే 2013లో తప్పుపట్టింది. మంచి ప్రశ్న, మంచి డాక్టర్లు, అయినా కాగితం మీద తల్లికి చెప్పాల్సింది పూర్తిగా చెప్పలేదు. కాబట్టి అనుమానించండి. కాగితం ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటామనండి. బిడ్డకు ఏడెనిమిదేళ్లు దాటితే బిడ్డని కూడా అడగమనండి. 'నాకు వద్దు' అని తల అడ్డంగా ఊపిన ఎనిమిదేళ్ల పిల్లవాడిని, తండ్రి సంతకం చేశాక కూడా, మేడమ్ అధ్యయనంలోంచి తీసేయడం నేను చూశాను.

నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. నేను పనిచేసిన చోట్ల పీజీ డాక్టర్లంతా థీసిస్ రాయాలి, టీచర్లకు ప్రమోషన్ కావాలంటే పేపర్లుండాలి. దానికి తగ్గట్టు ప్రతి ఏడూ యాభై అరవై మంది పిల్లలతో పాత ప్రశ్ననే కాస్త మార్చి మళ్లీ చేస్తారు. లెక్కలు చూసే స్టాటిస్టీషియన్ పోస్టు ఖాళీగా ఉంటుంది. అంత తక్కువ మందితో ఏదీ తేలదని చేసేవాళ్లకూ తెలుసు. బైండింగ్ చేయించి లైబ్రరీలో పెడతారు. ఏమీ తేలని దానికోసం పిల్లల్ని సూదితో పొడవడం నా దృష్టిలో తప్పు. యువ డాక్టర్లను నిందించను, వాళ్లకు వారానికి ఒక పూటైనా పరిశోధనకంటూ వదిలితే, నాలుగు కాలేజీలు కలిసి ఒకే మంచి ప్రశ్న పట్టుకుంటే, ఆ పిల్లల పేర్లన్నీ ఒకచోట చేరి ఏదో ఒకటి తేలుతుంది. తల్లిపాల ప్రశ్న తేలింది అలాగే. బ్రిటన్, ఐర్లండ్‌లలో యాభైకి పైగా ఆసుపత్రులు కలిసి 2,804 మంది పిల్లలతో చేసి 2019లో ఫలితం చెప్పాయి. నెమ్మదిగా పెంచినా వేగంగా పెంచినా పిల్లలు బతకడంలో, రెండేళ్లకు ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ చక్రాల కుర్చీ తల్లి.

ఆ పాప బతకలేదు. పద్దెనిమిదో రోజు ఇన్‌ఫెక్షన్‌తో పోయింది. నాలుగేళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆ తల్లి నాకు ఫోన్ చేసింది. నా నంబరు దాచుకుందట. "సిస్టర్, మా పాప ఉన్న ఆ స్టడీలో ఏం తేలింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా వందలమంది తల్లులకు ఫోన్ చేసి బిడ్డ బరువు అడిగాను, పాలు అడిగాను, నడక అడిగాను. ఫలితం చెప్పడానికి ఒక్కరికీ చేయలేదు. చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. మేడమ్ అప్పటికి వేరే చోటికి బదిలీ అయ్యారు. ఆవిడకు ఫోన్ చేస్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పేపరు వచ్చి ఏడాదైంది సిస్టర్. అందరికీ పంపాను. వాళ్లకి తప్ప" అన్నారు.

మర్నాడు మేడమే ఆ తల్లితో మాట్లాడారు. మా దగ్గర చేరిన పిల్లలు తక్కువ, మా లెక్కల్లో కూడా పెద్ద తేడా కనబడలేదని చెప్పారు. మీ పాపకు వచ్చిన కవరు నెమ్మదిగా పెంచే పద్ధతిది అని చెప్పారు. రెండో కవరు వచ్చుంటే పాప బతికేదా అని ఆ తల్లి అడిగింది. నాలుగేళ్లు ఆ ప్రశ్న మోసింది ఆమె. అలా అనుకోవడానికి ఆధారం ఏమీ లేదమ్మా అని మేడమ్ చెప్పారు. తర్వాత ఆమె నాకు ఫోన్ చేసి, "అయితే మేం సంతకం పెట్టడం తప్పు కాదు కదా సిస్టర్" అంది. 2019లో పెద్ద అధ్యయనం ఫలితం వచ్చినప్పుడు ఆమెకు నేనే చేసి చెప్పాను.

పత్రికలో ప్రయోగాల మాట వచ్చింది కాబట్టి పిల్లల విభాగాల పెద్దలను మీ ద్వారా ఒకటి అడుగుతున్నాను. పేపరు అచ్చయిన నెలలోపు, అందులో చేరిన ప్రతి కుటుంబానికీ ఒక పేజీలో, వాళ్లకు అర్థమయ్యే భాషలో ఫలితం పంపండి. బిడ్డను పోగొట్టుకున్న వాళ్లకు కాగితం పంపకండి, ఫోన్ చేయండి. వినాలని లేదంటే పెట్టేయండి. దీన్ని ఎథిక్స్ కమిటీలు అనుమతి ఇచ్చేటప్పుడే రాయించుకోవచ్చు. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు, ఫోన్ చేయడానికి ఒక మనిషి, ఆ మనిషికి కాస్త సమయం.

మా విభాగంలో ఇప్పుడున్న హెచ్‌ఓడీ గారు ఒప్పుకున్నారు. పాత రిజిస్టర్లు బయటికి తీశాం. నాలుగు అధ్యయనాల్లో కలిపి 412 కుటుంబాలున్నాయి. చాలా నంబర్లు మారిపోయాయి, కొన్నిచోట్ల ఎవరో కొత్తవాళ్లు ఎత్తి రాంగ్ నంబర్ అంటున్నారు. ఇప్పటికి 138 మందితో మాట్లాడాను. ఒకమ్మాయి తనే ఫోన్ ఎత్తి, "ఆ స్టడీలో ఉన్న బేబీని నేనే" అంది, తొమ్మిదో తరగతట. నా రిటైర్‌మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది. రోజుకి ఇద్దరి చొప్పున చేస్తున్నాను.

ఇట్లు,
పిల్లల విభాగంలో ఒక రీసెర్చ్ నర్సు